‘లెన్స్ పోయింది’ అనే ముందు

డిస్క్ ప్లేయర్ మొరాయించిందంటే చాలు, అందరి నోటా ఒకటే తీర్పు: "లెన్స్ పోయింది." బొమ్మ రాకపోతే లెన్స్. సౌండ్ రాకపోతే లెన్స్. మొన్న మా పిన్ని ఫోన్ చేసి, "ఒరేయ్, ప్లేయర్ లెన్స్ పోయిందిరా. బొమ్మ బ్రహ్మాండంగా వస్తోంది గానీ మాటలు వినబడట్లేదు" అంది. బొమ్మ బ్రహ్మాండంగా వస్తుంటే లెన్స్ ఎలా పోతుంది పిన్నీ? బొమ్మనీ మాటనీ ఆ లెన్స్ గుండా పడే లేజరే కలిపి చదువుతుంది కదా!

పిన్నిని అనీ లాభం లేదు. కొత్తగా బ్లూ-రే ప్లేయర్ కొన్నప్పుడు నేనూ ఇదే గోతిలో పడి ఓ ఆదివారం మొత్తం పోగొట్టుకున్నాను. కొన్ని డిస్కులకి సౌండ్ వస్తుంది, కొన్నిటికి రాదు. కేబుల్ మార్చాను, పోర్టు మార్చాను, ఆఖరికి డిస్కులు కూడా కడిగాను. తీరా చూస్తే ఆడియో మెనూలో ‘బిట్‌స్ట్రీమ్’ అని ఉంది. అంటే డిస్కులోని సౌండుని ప్లేయర్ విప్పదు, మూట మూటగానే టీవీకి పంపేస్తుంది. డాల్బీ, డీటీఎస్ అనేవి సౌండుని మూటకట్టే పద్ధతులు. డాల్బీ మూటని మామూలుగా టీవీలు విప్పుకుంటాయి. డీటీఎస్ మూట విప్పడం మాత్రం చాలా టీవీలకి చేతకాదు. చేతకాదని ఒప్పుకుంటుందా అంటే అదీ లేదు, నోరు మూసుకుని కూర్చుంటుంది. ‘పీసీఎం’కి మార్చగానే ప్లేయరే విప్పి పంపింది. పిన్ని చేత కూడా ఫోన్లోనే మార్పించాను, రెండు నిమిషాల్లో అయిపోయింది.

విడిగా ఏ.వీ. రిసీవర్ (సౌండు మూట విప్పి స్పీకర్లకి పంపే పెట్టె) ఉంటే బిట్‌స్ట్రీమ్, టీవీ స్పీకర్లే దిక్కయితే పీసీఎం. ఈ ఒక్క ముక్క మాన్యువల్ మొదటి పేజీలో వేస్తే వాళ్ల సొమ్మేం పోతుంది? మొదటి పేజీ నిండా ప్లేయర్‌ని వర్షంలో తడపకండి, కవర్ ఊడదీయకండి, ఇవే. వర్షంలో కూర్చుని ఎవరు సినిమా చూస్తారండీ!

ఇక నల్ల తెర. నాకు అసలైన కోపం దీని మీదే. హెచ్‌డీఎంఐ వైరు పెట్టేస్తే చాలనుకుంటాం. కానీ కాపీ రక్షణ ఉన్న డిస్కు ఆడాలంటే ప్లేయరూ టీవీ ముందు రహస్య తాళాలు ఇచ్చిపుచ్చుకోవాలి. ఆ పద్ధతి పేరు హెచ్‌డీసీపీ. 4కే డిస్కుకయితే 2.2 వెర్షన్ కావాలి, అదీ మధ్యలో ఉన్న రిసీవర్‌తో సహా. వరసలో ఒక్కటి పాతదైనా పూర్తి నాణ్యత రాదు, ఒక్కోసారి బొమ్మే రాదు. డబ్బిచ్చి డిస్కు కొన్నవాడు ఇలా గుమ్మంలో నిలబడి గుర్తింపు చూపించుకోవాలి. దొంగ కాపీ చూసేవాడికి ఈ బాధే లేదు!

చాలాసార్లు తాళాలు మార్చుకునే ఆ పలకరింపు మధ్యలో తెగడమే అసలు జబ్బు. అన్నిటి ప్లగ్గులూ పీకి, ఓ నిమిషం ఆగి, ముందు టీవీ, తర్వాత ప్లేయర్ ఆన్ చేయండి. పాత టీవీకి మార్చినప్పుడు తెర నల్లబడితే, రిజల్యూషన్ (బొమ్మలో ఎన్ని చుక్కలన్న లెక్క) దానికి అందనంత పైన ఉండిపోయిందేమో చూడాలి. చూడాలంటే మెనూ కనబడాలి, మెనూ కనబడాలంటే తెర వెలగాలి! అందుకే చాలా ప్లేయర్లలో ఏదో ఒక బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే రిజల్యూషన్ మొదటికొచ్చే ఏర్పాటు ఉంటుంది. ఏ బటనో మాన్యువల్ చివర్లో చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది.

బంగారు పూత వైరు కొంటే రంగులు నిగనిగలాడతాయని చెప్పేవాళ్లని నమ్మకండి. వైరు బాగాలేకపోతే బొమ్మ వెలిసిపోదు, చుక్కలు మెరుస్తాయి, లేదా క్షణం క్షణం మాయమవుతుంది. 4కేకి సెకనుకి 18 గిగాబిట్లు మోసే వైరైతే చాలు.

మరి లెన్స్‌ని ఎప్పుడు అనుమానించాలి? ఒక్కో రకం డిస్కుకి ఒక్కో లేజర్: సీడీకి 780 నానోమీటర్లది, డీవీడీకి 650, బ్లూ-రేకి 405, అదే నీలి లేజర్. ఒక్క డిస్కే ఆడకపోతే తప్పు ఆ డిస్కుది. సీడీలు, డీవీడీలు ఆడుతూ బ్లూ-రేలన్నీ మొండికేస్తే అప్పుడు నీలి లేజర్ మీద అనుమానపడొచ్చు. కొత్తగా వచ్చిన బ్లూ-రేలు మాత్రమే ఆడకపోతే ముందు ఫర్మ్‌వేర్ (ప్లేయర్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయండి. డిస్కుల తాళాలు మారుతుంటాయి, ప్లేయర్ దగ్గర కొత్తవి ఉండాలి. చలిలోంచి వెచ్చటి గదిలోకి తెచ్చిన ప్లేయరైతే లెన్స్ మీద తేమ పట్టి ఉంటుంది, ఒకటి రెండు గంటలు దాని మానాన దాన్ని వదిలేయాలి.

డిస్కు తుడవడం గురించి ఒక్క మాట చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. దయచేసి గుండ్రంగా తిప్పుతూ తుడవకండి. డిస్కులో డేటా లోపలి నుంచి బయటికి చుట్టలు చుట్టుకుంటూ పోతుంది. అడ్డంగా పడిన గీత ఒక్కో చుట్టులో కొంచెమే పాడు చేస్తుంది, ఆ ఖాళీని ప్లేయర్ లెక్కలు కట్టి పూడ్చుకుంటుంది. సీడీలో సుమారు 2.5 మిల్లీమీటర్ల ఖాళీ వరకు అది చేయగలదు. గుండ్రంగా తుడిచి గీత పెట్టారో, ఒకే చుట్టు వెంట పొడుగునా పోతుంది, లెక్కలకి అందదు. మధ్య నుంచి అంచుకి, తిన్నగా, మెత్తటి బట్టతో తుడవండి. సీడీ అయితే బొమ్మ వేసిన వైపు ఇంకా జాగ్రత్త. డేటా పొర ఉండేది ఆ పక్కనే, పైన సన్నటి పూత తప్ప అడ్డమేమీ లేదు.

ఇదంతా రాస్తుండగానే పిన్ని మళ్లీ ఫోన్. "మాటలు వస్తున్నాయిరా, కానీ ఈ డీవీడీలో మనుషులంతా లావెక్కిపోయారు!" ప్లేయర్లో టీవీ ఆకారం 4:3 అని ఉండిపోయి ఉంటుంది, 16:9 చేయమన్నాను. "నేను లెన్స్ అనలేదు చూశావా?" అంది.