నేపాల్‌లో నల్లరంగు

ఒడిశాలోని పర్లాకిమిడిలో ఉన్న మా తెలుగు క్రైస్తవ సంఘం నుంచి నలుగురం నేపాల్ పరిచర్యకు బయల్దేరాం. పలాస, హౌరా, రక్సౌల్. అక్కడ వంతెన దాటితే నేపాల్ వైపు బీర్‌గంజ్, ఆపైన ఇంకో బస్సు. పాస్‌పోర్టు అక్కర్లేదు, ఓటరు కార్డు చాలు. ఏర్పాట్లన్నీ మా కార్యదర్శి బ్రదర్‌వే. దిగగానే మందిరం వెనక గది చూపించి, "ఇవాళ శనివారం కదా, రెస్టు తీసుకోండి. రేపు ఆరాధనలో వాక్యం మీరే చెప్పాలి అన్నయ్యా" అన్నాడు.

శనివారమంటే మా కమిటీ పెద్దలకి రంగు రోజు. ఆదివారం వేదికెక్కే తల శనివారమే నల్లబడాలి. బైబిల్లో ఎక్కడా రాసి లేదు గానీ అందరూ నిష్ఠగా పాటిస్తారు. తలకి వేసి మీసం వదిలేస్తే ఆ మీసమే సాక్ష్యం చెప్పేస్తుంది, కాబట్టి దానికీ వేయాలి. కనుబొమల జోలికి నేను వెళ్లను. వెళ్లినవాళ్లున్నారు, పేర్లెందుకు.

గళ్ల లుంగీ, చిరుగుల బనియనుతో పంపు దగ్గర కూర్చుని పని ముగించాను. అరగంట ఆరాలి. గేటు తెరుచుకుంది. ఒక అవ్వ చెప్పులు విడిచి, చేతులు జోడించి "జయమసీ" అంది. నేనూ జోడించాను, గ్లౌజులతో. ఆవిడ వెనక ఒక కుటుంబం. వాళ్ల వెనక మాదల్ అనే డోలు మోసుకుంటూ కుర్రాళ్లు.

నేపాల్‌లో శనివారం వారపు సెలవు. అందుకే సంఘాలు శనివారమే కూడుకుంటాయి. ఈ సంగతి అక్కడ పసిపిల్లలకి కూడా తెలుసు. నెలల తరబడి వాళ్లతో ఫోన్లో మాట్లాడిన మా బ్రదర్‌కే తెలీదు.

"టెన్షన్ పడకండి అన్నయ్యా, మీటింగు పదకొండుకట. ఇంకా ఇరవై నిమిషాలుంది" అన్నాడు వాచీ చూసుకుని. అది పర్లాకిమిడి టైము. నేపాల్ టైము మనకంటే 15 నిమిషాలు ముందు.

చొక్కా ఎవరు తొడిగారో గుర్తులేదు. లోపల చాపల మీద మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లు ఒక పక్క. అందరి చూపూ నా నెత్తి మీదే. ఇండియా దైవజనుడికి అభిషేక తైలం కాస్త ఎక్కువ పోశారనుకున్నారేమో, ఎవరూ ఏమీ అడగలేదు. సంఘపెద్ద నా మెడలో తెల్లటి ఖాదా వేశాడు. అతిథులకి వేసే పట్టు కండువా అది. అంతటితో ఆగొచ్చుగా! ప్రేమ పట్టలేక గట్టిగా కావలించుకున్నాడు. విడిపోయేసరికి ఆయన తెల్లగడ్డానికి ఒక పక్క యౌవనం తిరిగొచ్చింది.

పాటలు మొదలయ్యాయి. చెమటకి చెవి పక్కనుంచి ఒక నల్లటి ధార బయల్దేరింది. అది కాలర్ దాకా వచ్చేసరికి నేను కళ్లు మూసుకున్నాను. పరవశమనుకుని వాళ్లు అదే పాట మళ్లీ ఎత్తుకున్నారు. తుడుచుకోవాలంటే చేతికి దొరికింది ఖాదా ఒక్కటే.

వాక్యం ఏం చెప్పానో అడక్కండి. దాల్‌భాత్ మాత్రం చాలా బాగుంది. మేం చేతులు కడుక్కునేలోపే బ్రదర్ ఫొటోలు మా సంఘం గ్రూపులో పెట్టేశాడు. పర్లాకిమిడి నుంచి మా పాస్టరమ్మగారు ఫోన్ చేసి, "పడిపోయారా అన్నయ్యా? తలకి ఎన్ని కుట్లు పడ్డాయి?" అని కంగారుపడ్డారు.

తిరిగొచ్చాక కమిటీలో బ్రదర్ రిపోర్టు చదివాడు: "దేవుని కృపవల్ల కార్యక్రమాన్ని అనుకున్న దానికంటే ఒకరోజు ముందే విజయవంతంగా ముగించాం." అందరూ చప్పట్లు కొట్టారు. పెద్దాయనకి కొనిచ్చిన కొత్త ఖాదా ఖరీదు మాత్రం నా పేరు మీద బాకీ రాశాడు.