పన్నెండో గుడ్డ

మా మామగారు పోయి నాలుగు నెలలైంది. ఈలోగా ఆవకాయల కాలం వచ్చేసింది కాబట్టి, పదిహేనేళ్లకు పైగా కడుపులో దాచుకున్న ఒక నేరం నేను ఒప్పుకోక తప్పడం లేదు.

ఆయన సర్జన్. కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీలో చదివి, ముప్ఫై ఏళ్లకు పైగా కత్తి పట్టి, 2003లో రిటైరయ్యారు. రిటైరయ్యారని ఆయన చేతులకి మాత్రం ఎవరూ చెప్పలేదు. పళ్లెంలో రావిచెట్టు పెంచారు. ఊళ్లోవాళ్ల పాత వాల్వు రేడియోలు తెచ్చుకుని పొట్ట కోసేవారు, కొన్ని బతికాయి. అరవై దాటాక మృదంగం మొదలుపెట్టారు. సరిగ్గా ఆ నెలలోనే పక్కింటివాళ్లు ఇల్లు మారారు. దానికీ దీనికీ సంబంధం లేదని అత్తయ్యగారు ఇప్పటికీ వాదిస్తారు.

2012 జూన్ 6న శుక్రుడు సూర్యుడి మీదుగా వెళ్తున్నాడని తెల్లారకుండానే వీధి వీధంతా లేపేశారు. టెలిస్కోపులోంచి తెల్లకాగితం మీద సూర్యుణ్ణి పడేసి, మబ్బుల సందులో మినపగింజంత చుక్క చూపించి, "సరిగ్గా చూసుకోండి, మళ్లీ 2117లోనే. అప్పటికి నాకు ఖాళీ ఉంటుందో లేదో" అన్నారు.

ఇవన్నీ హాబీలు. ఆవకాయ హాబీ కాదు, మేజర్ ఆపరేషన్.

మా పెళ్లయింది 2009లో. కొత్త అల్లుణ్ణి ఎవరైనా కూర్చోబెట్టి పూతరేకులు పెడతారు. నాకు చేతులు కడుక్కోవడం నేర్పారు. మోచేతుల దాకా సబ్బు, గోళ్ల సందులు కూడా వదలకూడదు. కడిగాక రెండు చేతులూ పైకెత్తి పట్టుకుని, తలుపు భుజంతో తోసుకుని వంటింట్లోకి రావాలి. నన్ను ఆ అవతారంలో చూసిన పాలబ్బాయి, వెనక పోలీసులెవరైనా ఉన్నారేమోనని తొంగి చూశాడు.

వంటింటి గోడ మీద చెక్‌లిస్టు. అంతకు ముందు ఏడాదే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆపరేషన్ థియేటర్ల కోసం 19 అంశాల చెక్‌లిస్టు తెచ్చింది. మత్తు ఇచ్చే ముందు కొన్ని, కోసే ముందు కొన్ని, పేషెంటు థియేటర్ దాటేలోగా కొన్ని పైకి చదివి సరిచూసుకోవాలి. తను రిటైరయ్యాక వచ్చిందే అని ఆయనకి బెంగ. అందుకని దాన్ని ఆవకాయకి మళ్లించారు.

"పేషెంటు?"

"కొత్తపల్లి కొబ్బరి, యాభై కాయలండీ."

"ఎలర్జీలు?"

"మా చెల్లికి వెల్లుల్లి పడదు, దానికి వేరే జాడీ."

"రక్తం ఎక్కువ పోయే ప్రమాదం?"

"నాలుగు కేజీల పప్పునూనె రెడీగా ఉంది డాక్టరుగారూ" అని అత్తయ్యగారు జవాబివ్వాలి. ఇవ్వకపోతే కత్తిపీట కదలదు.

ముక్కలు తుడవడానికి తన పాత పంచె ఒకటి చింపి పన్నెండు చదరాలు చేశారు. వాటిని గుడ్డలంటే ఒప్పుకోరు, మాప్‌లు అనాలి. ప్రెషర్ కుక్కర్లో 15 పౌండ్ల ఒత్తిడి మీద, 121 డిగ్రీల దగ్గర, పావుగంట ఉడికించి, పెళపెళలాడేదాకా ఎండబెట్టారు. ఆ రోజు పప్పు వండటానికి కుక్కర్ ఖాళీ దొరకలేదు. ఈ వివరం గుర్తుపెట్టుకోండి, నేరానికి మూలం అదే.

మాప్‌ల లెక్క నాకప్పగించారు. కడుపు మూసే ముందు లోపలికి వెళ్లినవన్నీ బయటికి వచ్చాయో లేదో లెక్క తేలాలి, తేలకపోతే కుట్టు పడదు. సర్వీసు మొత్తంలో ఒక్క మాప్ కూడా లోపల వదల్లేదని ఆయన గర్వం. నిజంగానే గర్వపడాల్సిన విషయం.

రెండున్నరకి మూడు జాడీలూ నిండాయి.

"అల్లుడుగారూ, కౌంట్?"

"పదకొండండీ."

"మళ్లీ."

మళ్లీ పదకొండే. గిన్నెల కింద, పీటల కింద, మా ఆవిడ కొంగు కింద వెతికాం. ఆయన తాపీగా, "ఓపెన్ చేద్దాం" అన్నారు. మూడు జాడీలు! మోచేతుల దాకా కారం! ఉదయం తిన్న రెండు ఇడ్లీలు ఎప్పుడో అరిగిపోయాయి. "ఇంకొక్కసారి చూస్తానండీ" అని తలుపు వెనక్కి వెళ్లి, ఒక మాప్‌ని సర్రున రెండుగా చింపేశాను.

"పన్నెండండీ!"

ఆయన నా వైపు ఒక్క క్షణం ఎక్కువే చూశారు. తర్వాత జాడీలకి వాసెన కట్టారు, సర్జన్ ముడి. మొదటి మెలిక ఒకసారి కాదు, రెండుసార్లు తిప్పుతారు, అందుకే జారదు. ఊడదు కూడా. ఏటా అత్తయ్యగారు కత్తెరతో కోసుకోవాల్సిందే.

మూడో రోజు తిరగకలిపారు. ముక్కలు ఊట వదిలి నూనె పైకి తేలింది. రెండో జాడీలో గరిట పెట్టి లేపగానే వచ్చింది, ఎర్రగా, ముద్దగా, పంచె అంచుతో సహా. ఎవరూ మాట్లాడలేదు. ఆయన దాన్ని రెండు చెంచాలతో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, పేషెంటు బంధువులతో మాట్లాడే గొంతుతో అత్తయ్యగారికి చెప్పారు: "ఇన్నేళ్లలో ఇదే మొదటిది."

నేను నోరు విప్పాల్సిన సమయం అదే. కానీ నోట్లో కొత్తావకాయ, అన్నం ఉన్నాయి.

ఆ జాడీదే ఎక్కువ రుచిగా ఉందని, ఈసారి ఏం కలిపారని బంధువులు అడిగారు.

మరుసటి ఏడాది కొత్త మాప్‌లు వచ్చాయి. మూలన నీలం దారం, నాలుగు పక్కలా మిషను మీద ముచ్చటగా మడిచి కుట్టిన అంచు. కుట్టుమిషను ఆయన కొత్త హాబీ కాబోలనుకున్నాం.

మొన్న ఆదివారం ఆ పన్నెండూ బీరువాలోంచి తీశాను. ఎవరూ అడక్కుండానే లెక్కపెట్టాను. అత్తయ్యగారు వాసెన కడుతుంటే ఆగలేక 2009 సంగతంతా చెప్పేశాను. ఆవిడ తలెత్తలేదు.

"మళ్లీ చింపితే తెలిసిపోవాలనే కదా బాబూ, నాలుగు పక్కలా అంచు కుట్టారు" అన్నారు. "ఇదిగో, ఇక్కడ వేలు పెట్టండి, ముడి జారిపోతోంది."