అవ్వ గడప లోపల మనకేం పని?

అనంతపురంలో ఒంటరిగా బతుకుతున్న బీద ముసలివాళ్ల గురించి కొందరు ఈమధ్య లేనిపోని ప్రశ్నలు వేస్తున్నారు. రాత్రిపూట లేస్తే పడిపోకుండా ఎట్లా నడుస్తారు, స్నానం ఎట్లా చేస్తారు, బల్బు మాడిపోతే ఎవరు మారుస్తారు అని. ఇవి మర్యాదస్తులు అడిగే మాటలు కావు. దీనికి మన దగ్గర చక్కని కట్టుబాటు ఒకటుంది. ఏదైనా గడప దాకా తెచ్చి ఇస్తాం. గడప లోపలికి తొంగి చూడం.

ఆ కట్టుబాటు ఎంత నిష్ఠగా సాగుతోందో ఒకటో తారీఖు పొద్దున పాతూరు సందుల్లో నిలబడితే తెలుస్తుంది. తెల్లారేసరికి సచివాలయం ఉద్యోగి పింఛను పట్టుకుని వాకిట్లోకి వస్తాడు. 2024 జూలై నుంచి అది నెలకు 4,000 రూపాయలు. ఎగతాళి కాదు, నిజంగానే పెద్ద మాట. కేంద్రం వాటా సంగతి చూస్తే 80 ఏళ్ల లోపు వాళ్లకు 200 రూపాయలు. 2007లో ఎంతుందో ఇప్పుడూ అంతే. ఇన్నేళ్లలో కందిబేడల ధర, బీపీ మాత్రల ధర, ఆటో చార్జీ ఎన్నిసార్లు చలించాయో! ఆ 200 మాత్రం చలించలేదు. ఇంత నిబ్బరం మునులకు కూడా ఉండదు.

"వేలు పెట్టవ్వా."

"పెట్టినా కదప్పా."

"పడలే. ఇంగోతూరి పెట్టు."

అవ్వ పడుచుదనం నుంచి శనక్కాయలు ఒలిచి ఒలిచి వేలిముద్రలు అరగదీసుకుంది. తప్పు ఆమెదే. ముందుచూపు ఉన్న మనిషయితే ఒక వేలైనా వాడకుండా దాచిపెట్టుకునేది. వేలు పడకపోతే కన్ను చూస్తారు, కంట్లో పొర ఉంటే ముఖం చూస్తారు. ఆమె ఆమేనని తేలేదాకా యంత్రం విసుక్కోదు. అంతా అయ్యాక "బాగుండావా అవ్వా?" అని అడిగితే ప్రమాదం. ఆమె నిజంగానే జవాబు చెప్పడం మొదలుపెడుతుంది. మిగతా ఇళ్లు ఆగిపోతాయి. ఆ ఉద్యోగి చెడ్డవాడేం కాదు, మధ్యాహ్నంలోగా లిస్టు పూర్తి చేయాలనే టెన్షన్ అతనిది.

మామూలుగా ఇంటికొకటే పింఛను. తాతకు వస్తుంటే అవ్వకు రాదు. తాత పోతే మరుసటి నెల నుంచే అవ్వకు ఇచ్చే ఏర్పాటు 2024 చివర్లో వచ్చింది. మంచిదే. అయితే ఇద్దరూ మొండికేసి బతికే ఉంటే ఏం చేయాలన్నది ఆ ఇద్దరే మాట్లాడుకోవాలి.

బియ్యమూ అంతే. 2025 జూన్‌లో రేషన్ బండ్లు ఆగిపోయి మళ్లీ చౌకదుకాణాలు వచ్చినా, 65 దాటినవాళ్లకు ఇంటి దగ్గరే ఇవ్వాలన్నారు. దీపం పథకంలో ఏడాదికి మూడు గ్యాస్ బండలు ఉచితం. ముందు డబ్బు కట్టాలి, తర్వాత ఖాతాలో పడుతుంది. బండలో గ్యాసు 14.2 కిలోలు, ఇనుముతో కలిపితే ముప్పైకి దగ్గర. కుర్రాడు దాన్ని వాకిట్లో దించి పోతాడు. అక్కడి నుంచి పొయ్యి పది అడుగులు. ఆ పది అడుగులకు ఇంతవరకూ ఏ నాయకుడి పేరూ పెట్టలేదు, అందుకే దానికి పథకం లేదు. డెబ్బై రెండేళ్ల మనిషి బండను పక్కకు వంచి, అంచు మీద దొర్లించుకుంటూ, మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటూ వంటింట్లోకి చేరుస్తుంది. పట్నంలో జనం దీనికే నెలనెలా ఫీజు కట్టి జిమ్ములకు పోతున్నారు. ఆమెకు ఇంటి దగ్గరే, అదీ సబ్సిడీతో.

బయటికి పోవాలన్నా లోటు లేదు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితం. బస్సు మెట్టు ఎత్తు మాత్రం పాతదే. అన్న క్యాంటీన్లో భోజనం అయిదు రూపాయలు, అక్కడికి ఆటో ఎంతో అడక్కండి.

ఇక కాలనీ ఇళ్లు. మరుగుదొడ్డి వాకిలి అవతల, రెండు మెట్లు దిగి. గొంతు కూర్చుని లేచే రకం. మోకాళ్లు పోయినవాళ్లు ఏం చేస్తారని మీకు సందేహం రావచ్చు. ప్లాస్టిక్ కుర్చీ మధ్యలో బొక్క కోసి వేసుకుంటారు. ఇదే పని బెంగళూరులో ఎవరైనా చేసి ఉంటే స్టార్టప్ అని పెట్టుబడి పెట్టేవాళ్లు. చేతికర్రల కోసం కేంద్రం వయోశ్రీ పథకం కూడా తెచ్చింది. 2017లో అది మొదలైంది మన రాష్ట్రంలోనే, నెల్లూరులో. కర్ర కావాలంటే శిబిరానికి నడిచి రావాలి. నడిచి రాగలిగితే ఇస్తారు.

ఇంత పద్ధతిగా ఉన్న చోట కొందరు చదువుకున్నవాళ్లు అమెరికా కబుర్లు తెస్తున్నారు. బాల్టిమోర్‌లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం వాళ్లు కేపబుల్ అనే కార్యక్రమం తయారు చేశారట. రాబడి తక్కువున్న ముసలివాళ్ల ఇళ్లకు కొన్ని నెలల పాటు ముగ్గురు పోతారు. ఒక నర్సు, ఒక ఆక్యుపేషనల్ థెరపిస్టు (అంటే రోజువారీ పనులు సొంతంగా చేసుకునేలా సాయపడే మనిషి), ఒక మరమ్మతు మనిషి. ఈ మూడో ఆయన్ను గమనించండి. ఆరోగ్య కార్యక్రమంలోకి డ్రిల్లు, సుత్తి పట్టుకుని వచ్చాడు! బాత్రూంలో పట్టుకోవడానికి కడ్డీ బిగిస్తాడు, ఊగే మెట్టును సరిచేస్తాడు. నర్సుకీ మేస్త్రీకీ ఒకే ఫైల్లో ఏం పనో తెలియదు. అంతకన్నా విడ్డూరం, వాళ్లు అడిగే ప్రశ్న: "నీ ఇంట్లో నువ్వు ఏ పని సొంతంగా చేసుకోవాలనుకుంటున్నావు?"

ఈ ప్రశ్న పాతూరులో అడిగితే ఏమవుతుందో ఊహించండి. "నా నీళ్లు నేనే కాంచుకుని పోసుకోవల్లప్పా. జారి పడ్తానని బయం" అంటుంది ఒక అవ్వ. ఇంకొకామె "సాయంత్రం కాడ అరుగు మీద కూసోవల్ల, దిగేకి కాదు" అంటుంది. వీటిని ఏ గడిలో నింపాలి? మన దరఖాస్తుల్లో కరెంటు యూనిట్లకు గడి ఉంది, మెట్ట ఎన్ని ఎకరాలు, మాగాణి ఎన్ని ఎకరాలు అనేదానికి ఉంది, ఇంట్లో ఎవరికైనా కారు ఉందా అనేదానికీ ఉంది. అరుగు మీద కూర్చోవడానికి లేదు.

సరే, ఒక అవ్వ తెగించి సోమవారం కలెక్టరేట్‌లో కడ్డీ కోసం అర్జీ పెట్టిందనుకుందాం. వైద్యం వాళ్లు చూసి ఇది గోడ పని అంటారు. గృహనిర్మాణం వాళ్లు ఇల్లు ఎప్పుడో అప్పగించేశాం అంటారు. మున్సిపాలిటీకి అది సొంత ఇల్లు, లోపలికి రాకూడదు. పింఛను విభాగానికి పోతే ఆమెకు పింఛను వస్తోందని తేలుతుంది. అర్జీ పరిష్కరించినట్టు ఫోన్‌కు మెసేజ్ వస్తుంది. కడ్డీ ఖర్చు, మేస్త్రీ కూలితో కలిపి, ఆ కాగితం తిరిగిన తిరుగుడు కన్నా తక్కువే అవుతుంది. అయినా పద్ధతి పద్ధతే.

కొడుకుల మీద చట్టం ఉంది కదా అంటారు. ఉంది, 2007ది. ఆర్డీవో దగ్గర అర్జీ పెడితే నెలకు పదివేల దాకా ఇప్పించవచ్చు. కొడుకు బెంగళూరులో సెక్యూరిటీ గార్డు, పదిహేను వేల జీతగాడు. వాడి మీద సంతకం పెట్టమంటే అవ్వ కన్నీళ్లు పెట్టుకుంటుంది. వేలు పడదు.

అసలు తక్షణం అరికట్టాల్సింది వేరే ఉంది. కొన్ని సందుల్లో అనుమతి లేని సేవలు జరుగుతున్నాయి. పక్కింటావిడ గిన్నెలో పప్పు తెచ్చి నేరుగా వంటింట్లోకి పోతోంది. బీడీ మానమని ఒకరు తాతను తిడుతున్నారు, అదీ మంచం పక్కన కూర్చుని. అన్నిటికన్నా పెద్ద నేరస్తుడు పాలిటెక్నిక్ చదివే ఒక పిల్లోడు. వీధిలోని ముసలివాళ్ల గ్యాస్ బండలన్నీ వాడే లోపలికి మోసి రెగ్యులేటర్ బిగిస్తున్నాడు. మిగిలిపోయిన నీళ్ల పైపు ముక్కను ఒక అవ్వ బాత్రూం గోడకు బిగించాడు కూడా. శిక్షణ లేదు, బయోమెట్రిక్ లేదు, ఆమె ఆమేనో కాదో నిర్ధారించుకోలేదు. పేరు పెట్టి పిలిచాడు, ఆమె పలికింది, అంతే సరిపోయిందట.

ఇలాంటివాళ్ల వల్ల గడప మర్యాద పోతుందని, గట్టి చర్య తీసుకోవాలని ఒక ఉత్తరం రాసి పెట్టుకున్నాను. పంపే అవసరం రాలేదు. వాడికి బెంగళూరులో ఉద్యోగం వచ్చింది, వచ్చే నెల వెళ్లిపోతున్నాడు.