403 గారికి సన్మానం చేయాలి

ఆఫీసుల్లో పనవదంటారు, ఎందుకవదో చెప్పరు. గూగుల్ షీట్స్ సర్వరు గారు అలా కాదు. పనవదంటూనే చేతిలో ఒక నెంబరు పెట్టి పంపుతారు. ఇంత మర్యాద తెలిసిన అధికారికి పర్లాకిమిడిలో ఇంతవరకూ ఒక్క శాలువా కూడా కప్పకపోవడం అన్యాయం.

పైగా కుర్రాళ్లు ఆయన్నే తిడుతున్నారు. కొట్టు స్టాకు లెక్కలు షీట్లోంచి యాప్‌లోకి లాగే ప్రోగ్రాం రాశాడు మా మేనల్లుడు. జవాబు 403, అంటే 'నీకు ప్రవేశం లేదు'. "షీటు నాదే, మెయిలు నాదే, నన్ను రానీకపోవడమేటి మావయ్యా?" అంటాడు. ఒరే, వెళ్లింది నువ్వు కాదు, నీ సర్వీస్ అకౌంటు, అంటే నీ ప్రోగ్రాం పేరు మీదున్న ఖాతా. దానికి వేరే మెయిల్ అడ్రసుంది, మూరెడు పొడుగు. షేర్ బటన్ నొక్కి ఆ అడ్రసుకు హక్కు రాసివ్వకపోతే సర్వరు గారు ఎవరని రానిస్తారు?

404 గారిది ఇంకా పెద్ద మనసు. గూగుల్ డ్రైవ్‌లో హక్కు లేని ఫోల్డరు అడిగితే 'నీకు హక్కు లేదు' అని నొప్పించరు. అసలు అలాంటిదే లేదంటారు. అదేమో పక్క ట్యాబ్‌లో తెరిచే ఉంటుంది! నలుగురూ కలిసి వాడే షేర్డ్ డ్రైవ్‌లోదైతే ప్రోగ్రాంలో 'సపోర్ట్స్ ఆల్ డ్రైవ్స్' అన్నచోట ట్రూ అని కూడా రాయాలి. ఫోల్డర్ల గొడవ మనకు కొత్తా? 1936 ఏప్రిల్ 1న ఈ పర్లాకిమిడిని మద్రాసులోంచి తీసి ఒరిస్సాలో వేశారు. లోపలి మాటలు మాత్రం తెలుగులోనే ఉండిపోయాయి.

ఇక 429, అంటే 'మరీ ఎక్కువసార్లు అడిగావు'. ఒక్కో గడికి ఒక్కో రిక్వెస్టు పంపితే వచ్చేది ఇదే. ఒక యూజరుకు నిమిషానికి 60 సార్లే చదవనిస్తారు. గడులన్నీ కలిపి ఒక్కసారే అడగాలి. అప్పటికీ కాదంటే ఒక సెకను, రెండు, నాలుగు, ఎనిమిది, ఇలా రెట్టింపు చేసుకుంటూ ఆగాలి. రేపు రా, ఎల్లుండి రా, వచ్చే వారం రా అనే పింఛను గుమాస్తాలకు ఈ విద్య ఎవరూ నేర్పక్కర్లేదు.

సన్మానంతో పాటు సర్వరు గారికి ఒక సరిహద్దు తగువు తీర్చే బాధ్యత కూడా అప్పగించాలని నా మనవి. మై డ్రైవ్‌లో ఏ ఫైలుకైనా ఓనరు ఒక్కరే. సరిహద్దు మీదున్న కొటియా 21 ఊళ్లకు మాత్రం ఒడిశా ఓనరే, ఆంధ్రా ఓనరే. రెండు పక్కల రేషన్ కార్డులూ ఒకే ఇంట్లో దొరుకుతాయి. తగువు 1968లో సుప్రీంకోర్టుకెక్కితే యథాతథ స్థితి అన్నారు. దానికీ సర్వరు గారి దగ్గర నెంబరుంది, 304: ఏదీ మారలేదు, మీ దగ్గరున్న పాత కాపీనే వాడుకోండి.