కదలని రోగే మంచి రోగి

ఆస్పత్రుల్లో పెద్దవాళ్లకు నర్సింగ్ సేవలు మెరుగుపరచాలంటూ కొందరు తెగ గొడవ చేస్తున్నారు. వాళ్ల కోరికలు వింటే ఎంత శాంతమూర్తికైనా బీపీ పెరుగుతుంది. పెద్దవాళ్లను రోజూ మంచం దింపి నడిపించాలట. రాత్రిళ్లు నిద్రపోనివ్వాలట. కళ్లజోడు చేతికి అందేలా పెట్టాలట. ఇది వైద్యమా, చుట్టాలకు చేసే మర్యాదా? ఇప్పుడున్న పద్ధతిలో లోపమేమీ లేదనీ, అది తన పని తాను చక్కగా చేసుకుపోతోందనీ సవినయంగా మనవి చేసుకుంటున్నాను.

ముందు మంచం సంగతి చూద్దాం. నడిచి వచ్చిన మనిషిని అడ్మిట్ చేసుకోగానే పడుకోబెట్టడం ఏ ఆస్పత్రికైనా ప్రథమ కర్తవ్యం. వచ్చింది నిమోనియాతో కానివ్వండి, మూత్రంలో ఇన్ఫెక్షన్‌తో కానివ్వండి, ముందుగా స్వాధీనం చేసుకోవాల్సింది కాళ్లనే. అమెరికాలో కొందరు పరిశోధకులు 45 మంది వృద్ధ రోగుల కాళ్లకు కదలికను కొలిచే చిన్న పరికరాలు కట్టి, ఏం తేలిందో 2009లో ప్రచురించారు. వీళ్లంతా ఆస్పత్రిలో చేరకముందు నడవగలిగినవాళ్లే. చేరాక 83 శాతం సమయం పడుకునే గడిపారు. నిలబడిందీ నడిచిందీ కలిపి చూసినా 4 శాతం దగ్గరే ఆగింది. పరిశోధకులకు అందులో సమస్య కనిపించింది. నాకు మాత్రం క్రమశిక్షణ కనిపించింది.

ఈ చికిత్స ఎంత బాగా పనిచేస్తుందో కూడా రుజువైంది. 2007లో వచ్చిన ఒక అధ్యయనంలో, ఏ రోగమూ లేని 12 మంది పెద్దవాళ్లను పది రోజులు మంచానికే పరిమితం చేస్తే, కాళ్లలో సగటున దాదాపు కిలో కండ కరిగిపోయింది. జ్వరం లేదు, ఆపరేషన్ లేదు, ఉన్నదల్లా మంచమే. ఇంత చవకగా, ఇంత కచ్చితంగా పనిచేసే మందు ఇంకొకటి ఉంటే చూపించండి. అలాంటి మంచాన్ని రిచర్డ్ ఆషర్ అనే లండన్ డాక్టరు 1947లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో దుమ్మెత్తిపోశాడు. రక్తం గడ్డకట్టడం, పడకపుండ్లు, బిగుసుకుపోయిన కీళ్లు, మలబద్ధకం అన్నీ మంచం పుణ్యమేనన్నాడు. అంతకు పన్నెండేళ్ల ముందు, 1935లో, మార్జరీ వారెన్ అనే డాక్టరమ్మ అదే లండన్‌లో ఇంకా ఘోరం చేసింది. ఇక ఇంతేనని వదిలేసిన 700 మందికి పైగా రోగులను ఒక్కొక్కరినే పరీక్షించి, వీలైనవాళ్లను లేపి కూర్చోబెట్టి, నడిపించి, చాలామందిని ఇళ్లకు పంపేసింది. వృద్ధుల వైద్యానికి ఆవిడే ఆద్యురాలని ఇప్పుడు పొగుడుతున్నారు. అదృష్టం కొద్దీ ఆ అలవాటు అన్ని వార్డులకూ అంటుకోలేదు.

‘నడిపిస్తే పడిపోరా?’ అని మనం అడగగానే ఈ సంస్కర్తలు నసుగుతారనుకున్నాను. నసగలేదు సరికదా, పడుకోబెడితేనే ఎక్కువ పడిపోతారని ఎదురు చెబుతున్నారు. బలం పోయిన కాళ్లతో ఎప్పుడో ఒకప్పుడు లేవక తప్పదు కదా, అప్పుడు కూలబడతారట. మంచానికి కటకటాలు బిగిస్తే వాటి మీదుగా దిగబోయి ఇంకాస్త ఎత్తు నుంచి పడతారట. మనిషి కదిలితే కుయ్యిమని అరిచే అలారం పెట్టి కూడా చూశారు. 2012లో ప్రచురించిన ఒక అధ్యయనంలో 16 వార్డుల్లో, 27 వేల మందికి పైగా రోగుల మీద లెక్క తీస్తే, అలారాలు పెట్టినచోట పడిపోవడాలేమీ తగ్గలేదు. తగ్గకపోతే ఏం? పడ్డప్పుడు సంగీతం తోడుంది. పైగా అలారం కొన్నట్టు బిల్లు చూపించవచ్చు. పెద్దాయన చేయి పట్టుకుని వరండా చివరిదాకా తీసుకెళ్లినదానికి బిల్లు ఎక్కడ దొరుకుతుంది?

మంచాన్ని మించిన సాధనం యూరిన్ పైపు. ఒకసారి వేశామంటే రోగి బాత్‌రూమ్ పేరెత్తడు, నర్సు పరుగెత్తక్కర్లేదు, నేల తడవదు. కాథెటర్ అనే ఈ పైపు కూడా మనిషిని ఒకచోట కట్టేసే తాడు లాంటిదేనని 2002లో కొందరు అమెరికన్ డాక్టర్లు ఎత్తిపొడిచారు. దాన్ని మేము మెప్పుగానే స్వీకరించాం. పైపు ఉన్న ప్రతి రోజూ ఇన్ఫెక్షన్ ముప్పు పెరుగుతూ పోతుంది, నిజమే. కానీ ఇన్ఫెక్షన్‌కు యాంటీబయాటిక్ ఉంది, యాంటీబయాటిక్ ఎక్కించడానికి సెలైన్ స్టాండ్ ఉంది, స్టాండ్ ఉన్నాక మంచం దిగే ప్రసక్తే లేదు. ఎంత ముచ్చటైన ఏర్పాటో గమనించారా?

ఇక తిండీ నీళ్లూ. టైముకు ట్రే రావడం లేదని ఎవరూ అనలేరు. పెద్దావిడ మంచానికి కాళ్ల వైపున్న బల్ల మీద ట్రే పెడతారు. దాని మీద బిగుతుగా అతికించిన ప్లాస్టిక్ మూత. పక్కనే నీళ్ల గ్లాసు, చేయి చాస్తే జానెడు దూరంలో ఆగుతుంది. సెలైన్ ఉన్న చేయి కుడిచేయి. కట్టుడు పళ్లు నిన్న రాత్రి టిష్యూ పేపర్లో చుట్టి పెట్టారు, పొద్దున ఊడ్చేటప్పుడు ఆ పేపరు చెత్తబుట్టలోకి పోయింది. అరగంటకు ఇంకో మనిషి వచ్చి, మూత కూడా తీయని ట్రేను పట్టుకుపోతాడు. ఛార్టులో ‘ఆహారం తీసుకోవడానికి ఆసక్తి చూపలేదు’ అని రాస్తారు. సాయంత్రానికి నాలుక ఎండిపోతుంది, మర్నాటికి మాట తడబడుతుంది, ఆ మర్నాడు స్కానింగ్‌కు పంపుతారు. స్కాన్‌లో ఏమీ కనపడదు. గ్లాసు జరిపితే సరిపోయేదని ఏ స్కానూ చెప్పదు మరి.

రాత్రి సంగతి చెప్పకపోతే పాపం. పెద్దవాళ్లకు నిద్ర తక్కువన్న నానుడిని నిజం చేయడానికి మన వార్డులు పడే శ్రమ అంతా ఇంతా కాదు. పదిన్నరకు బీపీ, పన్నెండుకు సెలైన్ మిషన్ కూత, రెండింటికి పక్క మంచానికి కొత్త కేసు, నాలుగింటికి రక్తం శాంపిల్. శాంపిల్ ఎందుకంత పొద్దున్నే? తొమ్మిదింటి రౌండ్స్‌కు రిపోర్టు సిద్ధంగా ఉండాలి. డాక్టరుగారి సౌకర్యం ముఖ్యమా, రోగి నిద్ర ముఖ్యమా అన్న ప్రశ్న అసలు ఎవరికీ రాదు. లైటు వేసి, ‘నిద్ర పట్టడం లేదా తాతా?’ అని ఆప్యాయంగా అడిగి, నిద్రమాత్ర ఇస్తారు. ఇలాంటి మాత్రల్లో చాలావాటిని వృద్ధులకు వాడకపోవడమే మంచిదని 1991లో వచ్చిన బియర్స్ జాబితా మొదలు ఇప్పటిదాకా చెబుతూనే ఉన్నారు. మత్తుతో తూలుతారు, తికమకపడతారు. తెల్లవారి ఆ పెద్దాయన గోడ మీద ఎవరో ఉన్నారంటాడు, సెలైన్ పీకేస్తాడు. ‘వయసు కదా’ అంటాం. ఈ రెండు మాటలు వైద్యశాస్త్రానికి మిగిల్చిన శ్రమను ఎవరూ లెక్కగట్టలేదు.

ఈ తికమకకు డెలీరియం అని పేరుంది. మూడొంతులు దీన్ని ముదిమి ఖాతాలో వేసేసి ఊరుకోవచ్చు. కానీ షారన్ ఇనూయే అనే డాక్టరు ఊరుకోలేదు. ఆమె బృందం 70 ఏళ్లు దాటిన 852 మందిని పరిశీలించి 1999లో ఫలితాలు ప్రచురించింది. మామూలు సేవలు అందినవారిలో 15 శాతం మందికి డెలీరియం వస్తే, ఆమె పద్ధతి పాటించినవారిలో 9.9 శాతానికే వచ్చింది. అంత గొప్ప మందు ఏమిటా అని ఆశగా చదివితే నాకు తల కొట్టేసినట్టయింది. కళ్లజోడు పెట్టడం, వినికిడి మిషన్ ఇవ్వడం, నీళ్లు తాగించడం, రోజూ నడిపించడం, ఇవాళ ఏ వారమో చెప్పి కాసేపు మాట్లాడటం, రాత్రి మాత్రకు బదులు గోరువెచ్చని పాలు ఇచ్చి వీపు నిమరడం. పేటెంటు లేదు, మిషన్ లేదు, ప్రారంభోత్సవానికి రిబ్బను కట్టడానికి వస్తువే లేదు. ఇలాంటిదానికి యాజమాన్యం ముందుకు రాలేదంటే తప్పెవరిది?

మేము చేతులు ముడుచుకుని కూర్చోలేదు. పడకపుండ్ల ముప్పు లెక్కించడానికి 1987 నాటి బ్రేడెన్ స్కేలుంది, పడిపోయే ముప్పుకు 1989 నాటి మోర్స్ స్కేలుంది. రెండూ మంచివే, పనికొచ్చేవే. వాటిని మేము నింపే తీరు ఇంకా మంచిది. స్కోరు వేసి, సంతకం పెట్టి, ఫైల్లో గుచ్చి, రోగిని పక్కకు తిప్పాల్సిన సమయాన్ని ఆ స్కోరు వేయడానికే వాడేస్తాం. వీపు కమిలిపోయినా ఫారం మాత్రం నలగదు.

ఇంతా చేసి సంస్కర్తలు చివరికి వచ్చేది నర్సుల సంఖ్య దగ్గరికే. తొమ్మిది ఐరోపా దేశాల్లో 300 ఆస్పత్రుల లెక్కలు తీసి 2014లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వేశారు. ఒక్కో నర్సు చూసే రోగుల సంఖ్య ఒకటి పెరిగితే, ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు నెల లోపు చనిపోయే అవకాశం 7 శాతం పెరుగుతోందట. అంటే ఇంకో నర్సును పెట్టుకోమని సారాంశం. జీతం ఎవడిస్తాడు? ఒకే సిస్టర్ ఇన్ని మంచాల మధ్య, మందులూ ఇంజెక్షన్లూ ఫోన్లూ ఫారాలూ బంధువుల కోపాలూ మోస్తూ, మధ్యాహ్నం అన్నం సంగతి సాయంత్రం గుర్తు తెచ్చుకుంటుంటే, ఆమెకు రెండు చేతులే ఉండటం పరిపాలనా లోపం ఎలా అవుతుంది? అందుకే నర్సులను పెంచకుండా, ‘చిరునవ్వుతో సేవ’ అనే అంశం మీద వాళ్లకు శిక్షణ తరగతి పెట్టాం. డ్యూటీ అయ్యాక, సెలవు రోజున.

అయినా మేము మొండివాళ్లమేమీ కాదు. వృద్ధుల విషయంలో నాలుగు సంగతులు చూడాలని 2017లో అమెరికాలో ఒక ఉద్యమం మొదలైంది. రోగికి ఏది ముఖ్యమో అడగడం, మందులు, మనసు, కదలిక. అందులో మొదటిది ఖర్చు లేనిది కనుక వెంటనే అమల్లో పెట్టాం. ‘మీకు అన్నిటికన్నా ముఖ్యమైనది ఏమిటి?’ అని పెద్ద అక్షరాలతో ఫారం అచ్చువేయించాం. మొదటి మంచం పెద్దాయన, ‘అర్జెంటుగా బాత్‌రూమ్‌కు వెళ్లాలమ్మా’ అన్నాడు. సిస్టర్ అదే రాసుకుంది. దానికి సరిపోయే గడి ఫారంలో లేకపోవడంతో ‘ఇతరములు’ కింద చేర్చి నాణ్యతా కమిటీకి పంపాం. కమిటీ ప్రతి నెలా మూడో గురువారం కూర్చుంటుంది. అప్పటిదాకా పెద్దాయనకు డైపర్ వేయమని మౌఖిక ఆదేశాలిచ్చాం.