రోడ్స్ దానం సరే, ఆ డబ్బు ఎక్కడిది?

ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకు ఇచ్చే రోడ్స్ స్కాలర్‌షిప్ దరఖాస్తుల రోజులొచ్చాయంటే ఒక పోస్టు చక్కర్లు కొడుతుంది. సెసిల్ రోడ్స్ చిల్లిగవ్వ లేకుండా ఆఫ్రికా వెళ్లాడట, సొంత కష్టంతో వజ్రాల సామ్రాజ్యం కట్టాడట, అక్కడివాళ్లకు నాగరికత నేర్పాడట, ఆస్తంతా జాతీ మతమూ చూడకుండా పేద విద్యార్థులకు రాసిచ్చాడట.

చిల్లిగవ్వ మాట నిలవదు. చర్చి పాదిరీ కొడుకు. 1870లో దక్షిణాఫ్రికాలోని నాటాల్‌లో దిగేసరికే అన్న హెర్బర్ట్‌కు అక్కడ పత్తి సాగుంది. 1888లో ఆయన కంపెనీ డీబీర్స్ కిందికి కింబర్లీ వజ్రాల గనులు చేరడం వెనక రోత్‌షీల్డ్ బ్యాంకు డబ్బుంది.

ఇక కష్టం. గునపం పట్టింది ఎక్కువగా నల్లవాళ్లు. 1880ల మధ్య నుంచి వాళ్లను కాంపౌండ్లలో పెట్టారు: చుట్టూ ఎత్తైన గోడ, వజ్రాలు బయటికి విసరకుండా పైన వైరు వల. కాంట్రాక్టు నెలలు తీరేదాకా గేటు దాటడానికి లేదు, సరుకులు కంపెనీ కొట్లోనే. వదిలే ముందు కొన్ని రోజులు బట్టలిప్పించి, దుప్పటి ఇచ్చి, చేతులకు తోలు తొడుగులు బిగించి గదిలో ఉంచేవారు, మింగిన వజ్రం బయటపడుతుందేమోనని. అక్కడే పనిచేసే తెల్లవాళ్లు బట్టలిప్పి సోదా చేయడంపై 1884లో సమ్మెకు దిగారు. వాళ్లకు కాంపౌండూ లేదు.

నాగరికత అంటే ఏమిటో దక్షిణాఫ్రికాలోని బ్రిటిష్ వలస కేప్‌కు ప్రధానిగా (1890–96) ఆయన హయాంలో వచ్చిన చట్టాలే చెబుతాయి. 1892లో చాలామంది నల్లవాళ్లకు ఓటు అందకుండా, దానికి కావాల్సిన ఆస్తి విలువ 25 పౌన్ల నుంచి 75కు పెరిగింది. 1894 గ్లెన్ గ్రే చట్టంలో నల్లవాళ్ల పొలం పెద్దకొడుక్కే. మిగతా మగవాళ్లు జిల్లా దాటి కూలికి పోకపోతే 10 షిల్లింగుల పన్ను. గనులకు కూలీలు కావాలి మరి! ఇప్పటి జింబాబ్వేలోని ఎన్‌డెబెలే రాజు లొబెంగులా దగ్గర 1888లో రోడ్స్ మనుషులు ఖనిజ హక్కులు రాయించుకున్నప్పుడు, పదిమందికి మించి తెల్లవాళ్లు రారని నోటిమాట ఇచ్చారు, కాగితంలో పెట్టలేదు. 1893లో మాక్సిమ్ మెషిన్ గన్లతో అదే రాజ్యాన్ని ఆక్రమించారు.

వీలునామాలో జాతి, మతం అడ్డు కాకూడదన్న వాక్యం ఉన్నమాట నిజం. 1907లో నల్లజాతి అమెరికన్ ఆలెన్ లాక్ ఎంపికయ్యాడు కూడా. కానీ పేదరికం అర్హతల్లో లేదు. చదువు, ఆటలు, నాయకత్వం చూడమన్నాడు. దక్షిణాఫ్రికాలో నాలుగు స్కాలర్‌షిప్పులను తెల్ల మగపిల్లల బడులు నాలుగింటికి కట్టబెట్టాడు. ఆడవాళ్లకు 1977 దాకా దారి లేదు. భారతదేశం ఊసే లేదు, మనవాళ్లకు అవకాశం 1940ల్లో వచ్చింది. ఆస్తంతా అన్నదీ తప్పే: ఆక్స్‌ఫర్డ్‌లో తాను చదివిన ఓరియల్ కాలేజీకే లక్ష పౌన్లు విడిగా రాశాడు.