లెన్‌స్టర్ హౌస్ గడ్డివాముకు ఒక విన్నపం

మహారాజశ్రీ గడ్డివాము గారికి,
లెన్‌స్టర్ హౌస్ (ఐర్లాండు పార్లమెంటు భవనం),
కిల్డేర్ వీధి, డబ్లిన్.

నమస్కారాలు. మీరు క్షేమమని తలుస్తాను. మీరు క్షేమంగా లేని రోజున ఐర్లాండులో ఏ ప్రభుత్వమూ క్షేమంగా ఉండదు కాబట్టి ఆ విషయంలో నాకు పెద్దగా అనుమానం లేదు.

ఇలా పిలిచానని నొచ్చుకోకండి, మీకు ఆ పేరు పెట్టింది నేను కాదు. బెర్టీ ఆహెర్న్ ప్రధానిగా ఉన్న కాలంలో జో హిగ్గిన్స్ అనే సోషలిస్టు సభ్యుడు నిండు సభలో మీకు నామకరణం చేశాడు. ఐర్లాండులో హ్యాండ్‌బాల్ అంటే గోలు కొట్టే ఆట కాదు. బంతిని అరచేత్తో గోడకు కొట్టాలి, అది తిరిగి రాగానే మళ్లీ కొట్టాలి. ప్రధానిని ప్రశ్న అడగడమంటే ఆ ఆటను గోడకు బదులు గడ్డివాముతో ఆడటమేనన్నాడు హిగ్గిన్స్. ధబ్బుమని ఒక చప్పుడు వినిపిస్తుంది, బంతి మాత్రం తిరిగి రాదు.

గడ్డివాముల గురించి నాకూ కొంచెం తెలుసు. మా ఊళ్లో వాము వేయడమంటే ఒక విద్య. పై వరస తెలిసినవాడు పరిస్తే వారం రోజులు ముసురు పట్టినా లోపలి గడ్డి తడవదు, నీళ్లన్నీ పక్కలకు జారిపోతాయి. మీ పై వరస ఎవరు పరిచారో కానీ ఆ చేతికి దండం పెట్టాలి. 1919 జనవరి 21న డాయిల్, అంటే ఐర్లాండు ప్రజాప్రతినిధుల సభ, మొదటిసారి సమావేశమైంది. ఆనాటి నుంచి ఎన్ని ప్రశ్నల వానలు కురిశాయో! మీ లోపల చెమ్మ తగిలిన ఆనవాలు కనబడదు.

డబ్లిన్‌లో ఉద్యోగం చేసుకుంటున్న తెలుగువాణ్ని. మంగళ, బుధవారాల్లో మధ్యాహ్నం భోజనం డబ్బా తెరిచి, ఫోనులో సభ ప్రసారం పెట్టుకుంటాను. ‘నాయకుల ప్రశ్నలు’ అనే ఘట్టం అప్పుడే. ప్రతిపక్ష నాయకురాలు మేరీ లూ మెక్‌డొనాల్డ్ లేస్తారు. అడగడానికి మూడు నిమిషాలు. చెప్పడానికి ప్రధానికి, అంటే వాళ్ల భాషలో టీషక్‌కు, మూడు నిమిషాలు. తర్వాత ఇద్దరికీ చెరొక నిమిషం. గడియారం పక్కాగా ఉంటుంది. నా పెరుగన్నం కూడా సరిగ్గా అంతసేపే.

ఆ మూడు నిమిషాల్లో మీరు చేసే పని చూస్తుంటే మా పెద్దల సామెత గుర్తొస్తుంది. తాటిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసం అన్నాడట. అద్దెలు ఎందుకు పెరిగాయని అడిగితే ఎంత ఖర్చు పెట్టామో చెబుతారు. పిల్లవాడి వెన్నెముక ఆపరేషన్ ఎప్పుడని అడిగితే ఎంతమంది సిబ్బందిని నియమించామో చెబుతారు. అడిగినది మేరీ లూ గారి పార్టీ షిన్ ఫేన్ అయితే ఇంకా సుఖం. ఉత్తర ఐర్లాండు ప్రభుత్వంలో మీ పార్టీ ఉందికదా, అక్కడ మీరేం చేశారంటే సరిపోతుంది. సరిహద్దు దాటిన బంతిని ఎవరు తెచ్చుకుంటారు? మరీ ఇరుకున పడితే ఒక దివ్యమైన వాక్యం ఉంది: ‘ఆ ప్రత్యేక సందర్భం వివరాలు నాకు పంపితే చూస్తాను.’ చూడటమంటే చూడటమే. అంతకు మించి ఏమైనా చేస్తామని ఎవరన్నారు?

సభాపతి ఉన్నారు కదా అంటారేమో. 2024 డిసెంబరులో వెరోనా మర్ఫీ ఆ పీఠం ఎక్కారు, ఆ పదవిలో తొలి మహిళ. ఆమె గంట మోగించగలరు, కూర్చోమనగలరు, సభను వాయిదా వేయగలరు. కానీ మంత్రి నోటి నుంచి వచ్చే సమాధానంలో సరుకు ఉందా లేదా అనేది తమ బాధ్యత కాదని ఆ పీఠం తరతరాలుగా చెబుతూనే ఉంది. తూకం వేసేవాడు సంచి బరువు చూస్తాడు. సంచిలో బియ్యమా, ఊకా అన్నది అతని లెక్కలోకి రాదు.

సభలో పలకకూడని మాటలకు మాత్రం జాబితా ఉంది. ఎలుక అనకూడదు. పిరికిపంద, కపటి, విదూషకుడు అనకూడదు. ఫాసిస్టు అనకూడదు, కమ్యూనిస్టు అని కూడా అనకూడదట! ఆ మాటను పార్టీ పేరుగా గోడల మీద రాయించుకుని ఓట్లడిగిన ప్రాంతం నుంచి వచ్చినవాణ్ని, నాకు నవ్వాగలేదు. 2009 డిసెంబరులో అధికార పక్షంలోనే ఉన్న గ్రీన్ పార్టీ సభ్యుడు పాల్ గోగర్టీ, ఎదుటి పక్షం సభ్యుడిని ఇక్కడ రాయలేని మాట అన్నాడు. ‘మర్యాదకు లోటు రాకుండా’ అని ముందే చెప్పి మరీ అన్నాడు. వెంటనే క్షమాపణ కూడా చెప్పాడు. తీరా చూస్తే ఆ మాట జాబితాలోనే లేదు. అడిగినదానికి సమాధానం చెప్పకపోవడం కూడా ఆ జాబితాలో లేదు లెండి. దానికి క్షమాపణ చెప్పినవారూ లేరు.

మీరు ఉత్త గడ్డే కదా, మీ వల్ల ఎవరికి నష్టమని ఒకప్పుడు నేనూ అనుకున్నాను. గొడ్డుమాంసం విచారణ కథ చదివాక ఆ అభిప్రాయం మారింది. 1980ల చివర్లో ఇరాక్‌కు మాంసం ఎగుమతి చేసే వ్యాపారానికి ప్రభుత్వం ఇచ్చిన బీమా హామీల మీద ప్రతిపక్షంవాళ్లు సభలో పదే పదే అడిగారు. ధబ్బు, ధబ్బు, ధబ్బు. 1991లో ఒక టీవీ కార్యక్రమం వచ్చాక గాని విచారణ ట్రైబ్యునల్ వేయలేదు. హైకోర్టు అధ్యక్ష న్యాయమూర్తి లియాం హామిల్టన్ దానికి పెద్ద. సాక్షుల వరుస, లాయర్ల వరుస, వాళ్ల బిల్లుల వరుస. నివేదిక వచ్చేసరికి 1994. ఆ విచారణ మధ్యలోనే ఆయన ఒక మాట అన్నాడు. ఇక్కడ సమాధానాలు చెబుతున్నట్టుగా సభలో ప్రశ్నలకు సమాధానాలు చెప్పి ఉంటే ఈ విచారణే అవసరమయ్యేది కాదు, బోలెడు డబ్బు, కాలం మిగిలేవని దాని సారాంశం. మా భాషలో దీన్ని గడ్డి పెట్టడం అంటారు. గడ్డివాముకే గడ్డి పెట్టిన న్యాయమూర్తి ఆయనొక్కడే అయి ఉంటాడు. మీరేం చేశారు? ఆ గడ్డిని కూడా మీ పక్కన పేర్చుకుని ఇంకో జాన ఎత్తు పెరిగారు.

చివరికి కోర్టు బోను ఎక్కింది ఎవరనుకున్నారు? ఆ టీవీ కార్యక్రమం చేసిన విలేకరి సూసన్ ఓ’కీఫ్. సమాచారం ఎవరిచ్చారో చెప్పనన్నందుకు. 1995లో నిర్దోషిగా బయటపడ్డారు. ఆమె కూడా సమాధానం చెప్పలేదు, నిజమే. సభలో చెప్పకపోతే పదవి, బయట చెప్పకపోతే కేసు.

మీ వల్ల మీవాళ్లే మునిగిన సందర్భమూ ఒకటుంది. 2017లో, పోలీసు శాఖలోని తప్పులను బయటపెట్టిన సార్జెంట్ మోరిస్ మెక్‌కేబ్ వ్యవహారంలో ఒక ఈమెయిల్ గురించి లేబర్ సభ్యుడు అలన్ కెల్లీ రాతపూర్వక ప్రశ్నలు వేస్తూ పోయాడు. ఒకటి కాదు, వరసగా. న్యాయశాఖ కాగితాలు చుక్క చుక్కగా బయటికి వదిలింది. ఆ ఈమెయిల్ అందినప్పుడు న్యాయశాఖ మంత్రిగా ఉన్న ఉపప్రధాని ఫ్రాన్సెస్ ఫిట్జెరాల్డ్ ఆ ఏడాది నవంబరు 28న రాజీనామా చేశారు. మరుసటి ఏడాది విచారణ జరిపిన న్యాయమూర్తి ఆమె తప్పేమీ లేదని తేల్చాడు. అంటే ఉన్నది ఉన్నట్టు మొదటి రోజే చెప్పి ఉంటే ఆమె కుర్చీ ఆమెకే ఉండేదేమో! దాచడానికి ఏమీ లేని చోట కూడా దాచడం మీ అలవాటు. పాపం, అలవాటు మానడం కష్టం.

అన్నిటికంటే నన్ను ఆశ్చర్యపరిచేది మీ పార్టీ. మీకు పార్టీ లేదు. మైఖేల్ మార్టిన్ 2011 నుంచి 2020 దాకా ప్రతిపక్ష నాయకుడు. తొమ్మిదేళ్లు మీ మీదికి బంతులు విసిరిన మనిషి. ఇప్పుడు ప్రధానిగా అదే సభలో ఎదుటివైపు కూర్చుని, లేచి, మూడు నిమిషాలపాటు మెత్తగా గడ్డి పరుస్తున్నాడు. ఆహెర్న్ కూడా ప్రధాని కాకముందు ప్రతిపక్ష నాయకుడే. రేపు మేరీ లూ గారు అటు వెళితే ఏమవుతుందో నేను జోస్యం చెప్పను. కుర్చీలోనే ఏదో గింజ ఉంది, కూర్చున్నవాళ్లకు గడ్డి మొలుస్తుంది.

2025లో అయితే మీ దగ్గర ఆడటానికి జనం కొట్టుకున్నారు. ప్రభుత్వానికి మద్దతిస్తామని ఒప్పుకున్న స్వతంత్ర సభ్యులు కొందరు ప్రతిపక్షం వాటాలోంచి ప్రశ్న సమయం కూడా కావాలన్నారు. మగపెళ్లివారితో బస్సు దిగి, ఆడపెళ్లివారి వైపు మర్యాదలు జరగలేదని అలిగినట్టు. జనవరి 22న కొత్త ప్రధానిని ఎన్నుకోవాల్సిన సభ అరుపుల మధ్య వాయిదా పడింది, ఎన్నిక మరునాటికి జరిగింది. మార్చి 25న మళ్లీ గోల. ఒక సభ్యుడు రెండు వేళ్లు చూపించడం కెమెరాకు చిక్కింది. చివరికి మద్దతుదారులు కూడా ప్రధానిని అడగడానికి విడిగా ఒక సమయం కేటాయించారు. మెత్తని గడ్డి మీదికి మెత్తని బంతి అన్నమాట. ఆ ధబ్బు కూడా వినబడదు.

నవ్వుతున్నానని మీ మీద చులకన అనుకోకండి. మన రెండు దేశాలకూ చుట్టరికం ఉంది. మా రాజ్యాంగంలోని ఆదేశిక సూత్రాలను మా పెద్దలు 1937 నాటి మీ రాజ్యాంగం చూసే రాశారు. వాటిని ఏ కోర్టూ అమలు చేయించడానికి వీల్లేదన్న షరతు కూడా కలిపి తెచ్చుకున్నారు. విత్తనాల మూటలో నాలుగు పరకల గడ్డి కూడా వచ్చిందని నా అనుమానం. మా శాసనసభల్లో అది బాగానే ఏపుగా పెరిగింది. ఆ కబుర్లు ఇంకో ఉత్తరంలో.

ఇక అసలు పని. 2024 నవంబరు 29న ఎన్నికలయ్యాయి. దానికి ముందు, ఆ ఏడాది కట్టే ఇళ్లు 40,000కు దగ్గరగా ఉంటాయని ప్రభుత్వ పెద్దలు పదే పదే చెప్పారు. ఎన్నికలైపోయాక గణాంక కార్యాలయం లెక్క తేల్చింది: 30,330. మిగతా దాదాపు పది వేల ఇళ్లు ఏమయ్యాయని ప్రతిపక్షం అడిగింది. ధబ్బు. అడిగినప్పుడల్లా ధబ్బు. లెన్‌స్టర్ హౌస్ ఆవరణలో సైకిళ్లు నిలపడానికి దాదాపు 3,36,000 యూరోలతో కట్టిన పాక గురించి అడిగితే మాత్రం అందరూ గుండెలు బాదుకున్నారు. అది కంటికి కనబడుతోంది కదా, మీలో కప్పిపెట్టడానికి వీలు పడలేదు.

నేను ఆలోచించాను. అన్ని ఇళ్లు గాలిలో కలిసిపోవు. ఇన్నేళ్లుగా వచ్చిన బంతులన్నీ మీలోనే ఉన్నట్టు, ఆ ఇళ్లు కూడా మీలోనే ఎక్కడో ఉండి ఉంటాయి. పోయిన నెల ఒక అద్దె ఇల్లు చూడటానికి వెళితే నా ముందు వరుస వీధి మలుపు దాకా ఉంది. నా వంతు వచ్చేసరికి తాళం వేసేశారు. అందుకే అడుగుతున్నాను. ఈసారి లోపల సర్దుకునేటప్పుడు ఒక చిన్న ఇల్లు తగిలితే కబురు పెట్టగలరు. రెండు గదులు చాలు. వంటింటికి కిటికీ ఉంటే మరీ మంచిది, ఇప్పుడున్న చోట తాలింపు వేసినప్పుడల్లా పొగ అలారం మోగుతోంది.

ఇట్లు,
మీ అభిమాని,
వరుసలో 43వ వాడు